పాఠం 11 : ఇవాళ నవ్వుతాను అని నిర్ణయించుకున్న మనిషి

చదివే ముందు ఆలోచించండి

పిల్లలూ, ఈ మూడు ప్రశ్నలకు జవాబులు మీ పక్కనున్నవాళ్ళతో తెలుగులో చెప్పుకోండి. తప్పులు వచ్చినా పరవాలేదు.

• ఈ వారంలో మీకు బాధ కలిగించిన విషయం ఒకటి ఏది?
• ఈ వారంలో మీకు సంతోషం కలిగించిన విషయం ఒకటి ఏది?
• ఈ రెండింటిలో ఏది తొందరగా గుర్తుకు వచ్చింది?

చాలామందికి బాధ కలిగించినదే ముందు గుర్తుకు వస్తుంది. అలా ఎందుకు జరుగుతుందో, దానికి మనం ఏం చేయవచ్చో ఈ పాఠంలో చూద్దాం.

1. సోమవారం సాయంత్రం (సంభాషణ)

సిడ్నీలో ఒక ఇల్లు. ఆరో తరగతి చదివే అమ్మాయి బడి నుంచి వచ్చి బ్యాగు సోఫా మీద పడేసింది. తాతయ్య తెనాలి నుంచి మూడు నెలలు ఉండడానికి వచ్చారు. పదో తరగతి చదివే అన్నయ్య డైనింగ్ టేబుల్ దగ్గర హోంవర్కు చేసుకుంటున్నాడు.

తాతయ్య : ఏమ్మా, అలా ముఖం మాడ్చుకున్నావేంటి?

అమ్మాయి : ఏం లేదు తాతయ్యా.

తాతయ్య : ఏం లేకపోతే ఆ బ్యాగు అంత గట్టిగా ఎందుకు పడింది?

అమ్మాయి : నన్ను క్రికెట్ టీంలోకి తీసుకోలేదు. నాకు ఏదీ రాదు. బ్యాటింగ్ రాదు, బౌలింగ్ రాదు. తెలుగు క్లాసులో నేను చదువుతుంటే అందరూ నవ్వుతారు.

తాతయ్య : అందరూనా?

అమ్మాయి : ఊఁ... ఇద్దరు.

తాతయ్య : ఆ ఇద్దరూ నవ్వారు, అది నిజమే. నీకు బాధ కలిగింది, అదీ నిజమే. మరి మిగతావాళ్ళు ఏం చేశారు?

అమ్మాయి : ఏమో. నేను చూడలేదు.

అన్నయ్య : తాతయ్యా, దయచేసి "పాజిటివ్‌గా ఆలోచించు" అని మాత్రం చెప్పకండి. మా బళ్ళో గోడల మీద అన్నీ అవే పోస్టర్లు.

అమ్మాయి : అవును. నేను నవ్వుతూ నిలబడితే టీంలోకి తీసుకుంటారా ఏంటి?

తాతయ్య : తీసుకోరమ్మా. నవ్వితే టీంలో చోటు రాదు. నువ్వు అడిగింది మంచి ప్రశ్నే. అయితే నవ్వడం వల్ల ఉపయోగం ఏమిటంటావు?

అన్నయ్య కాసేపు ఆలోచించాడు.

అన్నయ్య : మా హిస్టరీ క్లాసులో ఒకాయన గురించి చెప్పారు. మన సిడ్నీలోనే ఉండేవారు. ఆయన జీవితంలో జరిగింది వింటే ఇంకెప్పుడూ నవ్వరేమో అనుకుంటాం. కానీ ఆయన తనను తాను ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉన్న మనిషిని అని చెప్పుకునేవారు.

అమ్మాయి : అబద్ధం!

అన్నయ్య : నేనూ అలాగే అనుకున్నాను. విను మరి.

2. ఎడ్డీ జాకు కథ

ఆయన పేరు ఎడ్డీ జాకు. 1920లో జర్మనీలోని లైప్జిగ్ నగరంలో, ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అమ్మ, నాన్న, చెల్లెలు హెన్నీ. చుట్టుపక్కల బంధువులు. ఎడ్డీకి చదువంటే ఇష్టం, యంత్రాలంటే ఇంకా ఇష్టం.

1933లో హిట్లర్, అతని నాజీ పార్టీ జర్మనీలో అధికారంలోకి వచ్చారు. దేశంలో ఉన్న కష్టాలన్నిటికీ యూదులే కారణమని వాళ్ళు ప్రచారం చేశారు. ఎడ్డీ వయసు అప్పుడు 13 ఏళ్ళు. ఒకరోజు బడికి వెళ్తే, యూదుడు కాబట్టి ఇకనుంచి రావద్దన్నారు. ఆ పిల్లవాడు చేసిన తప్పు ఏమీ లేదు.

కొడుకు చదువు ఆగిపోకూడదని నాన్న ఒక ఉపాయం చేశారు. వాల్టర్ ష్లైఫ్ అనే వేరే పేరుతో కాగితాలు సంపాదించి, ఎడ్డీని దూరంగా ఉన్న ఒక ఇంజనీరింగ్ బడిలో చేర్పించారు. అక్కడ ఎడ్డీ తన అసలు పేరు ఎవరికీ చెప్పకూడదు. ఇంటికి రాకూడదు. అనాథనని చెప్పుకోవాలి. అలా ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఐదేళ్ళు ఉన్నాడు. ఆ ఐదేళ్ళలో నేర్చుకున్న పనే తర్వాత తన ప్రాణం కాపాడుతుందని ఆ పిల్లవాడికి అప్పుడు తెలియదు.

1938 నవంబరు 9న, అమ్మానాన్నల పెళ్ళిరోజుకు వాళ్ళను ఆశ్చర్యపరుద్దామని ఎడ్డీ ఇంటికి వచ్చాడు. ఇల్లు ఖాళీగా ఉంది. పెంపుడు కుక్క తప్ప ఎవ్వరూ లేరు. ఆ రాత్రి జర్మనీ అంతటా యూదుల ఇళ్ళ మీద, దుకాణాల మీద, ప్రార్థనా మందిరాల మీద నాజీలు దాడులు చేశారు. ఎడ్డీని కొట్టి, బుకెన్‌వాల్డ్ అనే నిర్బంధ శిబిరానికి తీసుకుపోయారు. అప్పటికి అతని వయసు 18.

అక్కడి నుంచి బయటపడ్డాక బెల్జియం, ఫ్రాన్సు దేశాల్లో కొన్నేళ్ళు దాక్కుంటూ, పట్టుబడుతూ, తప్పించుకుంటూ గడిపాడు. చివరికి 1944లో అమ్మానాన్నలతో, చెల్లెలితో సహా ఆష్విట్జ్ శిబిరానికి తరలించారు. అమ్మను, నాన్నను అక్కడ చంపేశారు. ఆ ఒక్క శిబిరంలోనే పది లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ యుద్ధకాలంలో నాజీలు చంపిన యూదుల సంఖ్య సుమారు 60 లక్షలు.

ఎడ్డీకి యంత్రాల పని తెలుసు కాబట్టి, అతనితో పని చేయించుకోవడానికి బతకనిచ్చారు. అక్కడ అతనికి ఒక స్నేహితుడు ఉన్నాడు. పేరు కర్ట్. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు. ఆ ఒక్క స్నేహితుడు లేకపోతే తాను బతికేవాడిని కాదని ఎడ్డీ తర్వాత ఎన్నోసార్లు చెప్పారు.

1945లో అమెరికా సైనికులకు దొరికేనాటికి ఎడ్డీ బరువు 28 కిలోలు. ఒక చిన్న పిల్లవాడి బరువు అది. అతని వయసేమో 25 ఏళ్ళు.

3. నవ్వు వెంటనే రాలేదు

పిల్లలూ, ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. శిబిరం నుంచి బయటపడ్డ మర్నాడే ఎడ్డీ సంతోషంగా లేరు. కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. బెల్జియంలో ఫ్లోర్ అనే అమ్మాయి పరిచయమై, 1946లో పెళ్ళయింది. పెళ్ళయిన తర్వాత కూడా ఆయన మనసులో చీకటే ఉండేది. ఎక్కువగా మాట్లాడేవారు కాదు, నవ్వేవారు కాదు.

తర్వాత మొదటి కొడుకు మైకేల్ పుట్టాడు. ఆ పసివాణ్ణి చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఎడ్డీ తనకు తాను ఒక మాట ఇచ్చుకున్నారు. ఇకనుంచి సంతోషంగా ఉంటాను, మర్యాదగా ఉంటాను, ఇతరులకు సాయం చేస్తాను, రోజూ నవ్వుతాను అని. ఆయన ఇచ్చుకున్న మాటలో "నాకు కష్టాలు రాకూడదు" అని లేదు. "నేను ఎలా ఉంటాను" అనేది మాత్రమే ఉంది. మొదటిది మన చేతిలో లేదు. రెండోది కొంతైనా మన చేతిలో ఉంది.

1950లో ఆ కుటుంబం ఆస్ట్రేలియాకు వచ్చి సిడ్నీలో స్థిరపడింది. మీ అమ్మానాన్నల లాగే కొత్త దేశం, కొత్త వీధులు, కొత్త ఉద్యోగం. ఎడ్డీ ముందు యంత్రాల పని చేశారు, కార్ల గ్యారేజి నడిపారు. తర్వాత భార్యతో కలిసి ఇళ్ళు కొనిపెట్టే, అమ్మిపెట్టే వ్యాపారం చేశారు. ఇంకో కొడుకు పుట్టాడు. మనవలు, మునిమనవలు వచ్చారు.

అయినా చాలా ఏళ్ళపాటు ఆ పాత కథ ఆయన సొంత పిల్లలకు కూడా చెప్పలేకపోయారు. బాధ ఎక్కడికీ పోలేదు. లోపలే ఉంది. తనలాగా బతికి బయటపడ్డవాళ్ళతో మాట్లాడడం మొదలుపెట్టాక మెల్లగా ధైర్యం వచ్చింది. 1992లో సిడ్నీలోని డార్లింగ్‌హర్స్ట్‌లో యూదుల మ్యూజియం మొదలైంది. అప్పటి నుంచి ఎడ్డీ అక్కడ జీతం లేకుండా పని చేస్తూ, బడి పిల్లలకు తన కథ చెప్పేవారు. తన కథలోని భయంకరమైన విషయాలేవీ దాచేవారు కాదు. కానీ ఎవరినీ ద్వేషించడం లేదని చెప్పేవారు. ద్వేషం ముందు ద్వేషించేవాణ్ణే తినేస్తుందని ఆయన నమ్మకం.

2013లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆయనకు మెడల్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా ఇచ్చి గౌరవించింది. 2020లో, నూరేళ్ళ వయసులో, తన జీవితకథను పుస్తకంగా ప్రచురించారు. 2021 అక్టోబరులో, 101 ఏళ్ళ వయసులో సిడ్నీలోనే చనిపోయారు.

4. పాజిటివ్‌గా ఉండడమంటే ఏమిటి? ఏమిటి కాదు?

"పాజిటివ్" అనే మాటకు తెలుగులో "సానుకూలం" అంటాం. సానుకూల దృక్పథం అంటే మంచివైపు కూడా చూసే చూపు. ఇక్కడ "కూడా" అనే మాట కింద గీత గీయండి. చెడును చూడకుండా కళ్ళు మూసుకోవడం సానుకూల దృక్పథం కాదు. చెడుతో పాటు మంచిని కూడా చూడడం.

సానుకూల దృక్పథం అంటే ఇది కాదు :

• ఏడుపు వస్తుంటే ఆపుకుని నవ్వడం కాదు. ఏడవడం తప్పు కాదు.
• ఎవరైనా ఏడిపిస్తుంటే, కొడుతుంటే "పరవాలేదులే" అని ఊరుకోవడం కాదు.
• పని చేయకుండా "అంతా మంచే జరుగుతుంది" అని కూర్చోవడం కాదు.

రెండో విషయానికి మన తెలుగువాళ్ళలోనే మంచి ఉదాహరణ ఉంది. శ్రీకాంత్ బొల్లా 1991లో ఆంధ్రప్రదేశ్‌లోని మచిలీపట్నం దగ్గర ఒక పల్లెటూళ్ళో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాక సైన్సు చదువుతానన్నారు. చూపు లేనివాళ్ళకు సైన్సు ఇవ్వడం కుదరదన్నారు. "సరేలే, నవ్వుతూ ఉందాం" అని ఆయన ఊరుకోలేదు. కోర్టుకు వెళ్ళారు. గెలిచి, సైన్సు చదివారు. తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదువుకున్నారు. 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ మొదలుపెట్టి, తనలా వైకల్యం ఉన్నవాళ్ళకు ఉద్యోగాలు ఇచ్చారు. తనకు సైన్సు వస్తుందని నమ్మడం ఆయన సానుకూల దృక్పథం. ఆ నమ్మకమే ఆయన్ను కోర్టు దాకా నడిపించింది.

5. మన రోజులో ఏం మారుతుంది?

మన మనసుకు ఒక అలవాటు ఉంది. పది మంచి మాటలు విని ఒక చెడ్డ మాట వింటే, ఆ ఒక్కటే పట్టుకుంటుంది. ఎందుకంటే ప్రమాదాన్ని ముందు గమనించడం మనిషి బతకడానికి అవసరం. అడవిలో పువ్వును చూడకపోయినా బతుకుతాం, పామును చూడకపోతే బతకం. ఆ అలవాటు మంచిదే. కానీ క్లాసులో ఇద్దరు నవ్వితే, మిగతా పదిమందిని చూడనివ్వకుండా చేసేదీ ఆ అలవాటే.

అందుకని మంచిని చూడడం కొంచెం ప్రయత్నించి నేర్చుకోవాలి. సైకిల్ నేర్చుకున్నట్టే.

దీనికి ఒక సులువైన సాధన ఉంది. రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాయాలి. ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో కూడా రాయాలి. అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొంతమందితో వారం రోజులు ఇలా రాయించి చూశారు. అలా రాసినవాళ్ళలో సంతోషం పెరిగిందని, దిగులు తగ్గిందని, ఆ మార్పు ఆరు నెలల తర్వాత కూడా కనిపించిందని 2005లో ప్రచురించారు. అదే సెలిగ్‌మన్ 2008లో ఆస్ట్రేలియాకు వచ్చి, విక్టోరియాలోని జీలాంగ్ గ్రామర్ స్కూల్లో టీచర్లకు ఇలాంటివి నేర్పించారు.

"ఎందుకు జరిగింది" అని రాయడం ఎందుకు? ఒక ఉదాహరణ చూడండి.

మంచి విషయం : ఇవాళ లంచ్‌లో నా స్నేహితురాలు నా పక్కన కూర్చుంది.
ఎందుకు : నిన్న తన లంచ్ బాక్సు మర్చిపోతే నా పులిహోరలో సగం పెట్టాను.

ఇలా రాస్తే, మంచి దానంతట అదే ఊడిపడలేదని, అందులో మన చెయ్యి కూడా ఉందని తెలుస్తుంది. రేపు మళ్ళీ ఏం చేయవచ్చో కూడా తెలుస్తుంది.

ఇంకో మాట. రోజులు గడుస్తున్నా దిగులు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బడికి వెళ్ళాలంటే భయమేస్తుంటే, అది మూడు వాక్యాలు రాస్తే పోయేది కాదు. అమ్మతోనో, నాన్నతోనో, టీచరుతోనో చెప్పండి. ఆస్ట్రేలియాలో కిడ్స్ హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 1800 55 1800. పగలైనా, రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఎడ్డీకి కూడా కర్ట్ అవసరమయ్యాడు. సాయం అడగడం బలహీనత కాదు.

6. శనివారం ఉదయం (సంభాషణ ముగింపు)

అన్నయ్య కథ చెప్పడం అయిపోయింది. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

అమ్మాయి : ఆయన కష్టం ముందు నాది అసలు కష్టమే కాదు కదా తాతయ్యా?

తాతయ్య : అలా అనుకోకమ్మా. ఆయన కష్టం ఆయనది, నీ కష్టం నీది. కష్టాలను తక్కెడలో పెట్టి తూచకూడదు. నీకు ముల్లు గుచ్చుకుంటే, పక్కవాడి కాలు విరిగిందని నీ నొప్పి పోతుందా?

అమ్మాయి : పోదు.

తాతయ్య : ఆయన దగ్గర మనం నేర్చుకునేది ఒక్కటే. జరిగిన తర్వాత నేనేం చేస్తాను అని తనను తాను అడుగుకున్నాడు. నువ్వూ అడుగుకో.

మర్నాడు అమ్మాయి బడిలో కోచ్ దగ్గరికి వెళ్ళి, "వచ్చే ఏడాదికి నేను ఏది బాగా సాధన చెయ్యాలి?" అని అడిగింది. కోచ్ రెండు విషయాలు చెప్పారు. ఆ సాయంత్రం నుంచి అన్నయ్య పెరట్లో బంతి వేస్తుంటే, తను క్యాచ్‌లు పట్టింది. మొదటిరోజు ఇరవైలో ఎనిమిది పట్టింది.

శనివారం తెలుగు క్లాసు. అమ్మాయి వంతు వచ్చింది. "కళ్ళు" అనబోయి "కల్లు" అంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ముఖం ఎర్రబడింది. కానీ తాతయ్య అడిగిన ప్రశ్న గుర్తుకు వచ్చింది. మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు?

ఈసారి తల ఎత్తి చూసింది. టీచరు పుస్తకంలోకి చూస్తూ ఆగారు. ఇద్దరు పిల్లలు కిటికీలోంచి మ్యాగ్‌పై పిట్టను చూస్తున్నారు. పక్కన కూర్చున్న అమ్మాయి మాత్రం, తన పుస్తకంలో అదే లైను మీద వేలు పెట్టి, నోరు కదుపుతూ మెల్లగా "కళ్ళు" అని అందిస్తోంది.

"ఈ పిల్ల రోజూ ఇలాగే అందిస్తోందా?" అనుకుంది మన అమ్మాయి. ఆ తర్వాత మళ్ళీ చదివింది.

ఆ రాత్రి ఆమె నోటు పుస్తకంలో మొదటి మంచి విషయంగా ఏం రాసిందో మీరు ఊహించగలరా?

కొత్త మాటలు - అర్థాలు

• దృక్పథం : చూసే తీరు
• సానుకూలం : అనుకూలంగా, మంచి వైపుగా ఉండేది
• నిర్బంధ శిబిరం : మనుషులను బలవంతంగా బంధించి ఉంచే చోటు
• ద్వేషం : చాలా గట్టి అయిష్టం, పగ
• అనాథ : అమ్మానాన్నలు లేని పిల్లలు
• కోలుకోవడం : జబ్బు నుంచి, బాధ నుంచి బయటపడడం
• సాధన : మళ్ళీ మళ్ళీ చేసి నేర్చుకోవడం
• తక్కెడ : బరువు తూచే త్రాసు
• దిగులు : మనసులో ఉండే బాధ, విచారం

ముఖం, మనసు, గుండె - నుడికారాలు

తెలుగులో మన భావాలు ఎక్కువగా ముఖంతో, మనసుతో, గుండెతో చెబుతాం. వీటిని పైకి చదవండి.

• ముఖం మాడ్చుకోవడం : కోపంతో, బాధతో ముఖం అదోలా పెట్టడం
• ముఖం వెలిగిపోవడం : సంతోషం ముఖంలో బాగా కనిపించడం
• మనసు కుదుటపడడం : కంగారు తగ్గి ప్రశాంతంగా అవడం
• మనసు విరిగిపోవడం : బాధ వల్ల ఇష్టం పోవడం
• గుండె దిటవు చేసుకోవడం : ధైర్యం తెచ్చుకోవడం

భాషను తెలుసుకుందాం : "రాదు", "ఇంకా రాలేదు"

ఈ రెండు వాక్యాలు చూడండి.

నాకు ఈత రాదు.
నాకు ఈత ఇంకా రాలేదు.

రెండింటిలోనూ ఈత తెలియని మాట నిజమే. మొదటి వాక్యం అక్కడితో తలుపు మూసేస్తుంది. రెండో వాక్యంలో "ఇంకా" అనే చిన్న మాట తలుపు కొంచెం తెరిచి ఉంచుతుంది. "ఇంకా రాలేదు" అంటే నేర్చుకుంటున్నాను, వస్తుంది అని అర్థం.

ఇప్పుడు "అయినా" అనే మాట చూడండి. ఒక కష్టం చెప్పి, దాని తర్వాత మనం చేసిన పని చెప్పడానికి ఇది వాడతాం.

వర్షం పడుతోంది. అయినా ఆడుకున్నాం.
చదవడం కష్టంగా ఉంది. అయినా రెండు పేజీలు చదివాను.

అభ్యాసం

అ) ఒక వాక్యంలో జవాబు రాయండి.

1. ఎడ్డీని బడి నుంచి ఎందుకు పంపేశారు?
2. ఏ పని తెలియడం వల్ల ఎడ్డీ శిబిరంలో బతకగలిగాడు?
3. కొడుకు పుట్టినప్పుడు ఎడ్డీ తనకు తాను ఇచ్చుకున్న మాట ఏమిటి?
4. శ్రీకాంత్ బొల్లా కోర్టుకు ఎందుకు వెళ్ళారు?
5. తెలుగు క్లాసులో అమ్మాయి తల ఎత్తి చూసినప్పుడు ఏం కనిపించింది?

ఆ) "ఇంకా" చేర్చి వాక్యాలు మార్చండి.

ఉదాహరణ : నాకు గుణింతాలు రావు. → నాకు గుణింతాలు ఇంకా రాలేదు.

1. నాకు దోసె వెయ్యడం రాదు.
2. తమ్ముడికి సైకిల్ తొక్కడం రాదు.
3. నాకు తెలుగులో ఉత్తరం రాయడం రాదు.

ఇ) "అయినా" వాడి వాక్యం పూర్తి చేయండి.

1. నాన్నమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ______________
2. మా టీం ఓడిపోయింది. అయినా ______________
3. ఎడ్డీ జీవితంలో చాలా కష్టాలు వచ్చాయి. అయినా ______________

ఈ) మాట్లాడుకుందాం.

మన పెద్దవాళ్ళు "నవ్వు నాలుగు విధాల చేటు" అని ఒక సామెత చెబుతారు. ఎడ్డీ జాకు మాత్రం రోజూ నవ్వాలనుకున్నారు. క్లాసులో ఇద్దరు పిల్లలు నవ్విన నవ్వు, ఎడ్డీ నవ్విన నవ్వు ఒకటేనా? సామెత ఏ నవ్వు గురించి చెబుతోంది? మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి వచ్చి, క్లాసులో చెప్పండి.

ఉ) ఈ వారం ఇంటి పని.

1. ఏడు రోజులు, రోజుకు మూడు మంచి విషయాలు రాయండి. ఒక్కొక్కదాని కింద "ఎందుకు" అని ఒక వాక్యం రాయండి. తెలుగు మాట తెలియకపోతే ఇంట్లో అడిగి రాయండి.
2. ఇండియాలో ఉన్న అమ్మమ్మకో, నాన్నమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి, "మీ చిన్నప్పుడు మీకు కష్టం వస్తే ఏం చేసేవారు?" అని అడగండి. వాళ్ళు చెప్పింది ఐదు వాక్యాల్లో రాసి తీసుకురండి.

తల్లిదండ్రులకు ఒక మాట : పిల్లలు రాసిన విషయాలు మీకు చిన్నవిగా అనిపించవచ్చు. "ఇవాళ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది" అని రాసినా దిద్దకండి. అక్షరదోషాలు దిద్దండి, సంతోషాన్ని మాత్రం అలాగే ఉంచండి. వీలైతే మీ మూడు విషయాలూ వాళ్ళకు తెలుగులో చెప్పండి.